దగ్గు

ఆ నల్ల ఫోను ఇంకా మా కొట్లోనే ఉంది.
తీగ లేదు. డయల్‌కి తాళం మాత్రం వేసే ఉంది.
కాటా పక్కన చీటీలు ఎగిరిపోకుండా
బరువుకి పెట్టుకున్నాం.

మీరావలి గారు దాన్ని చూసి నవ్వుతారు.
"అమ్మాయ్, దీంట్లోంచి నేను మాటలు అమ్మలేదు.
దగ్గు అమ్మాను."

ట్రంకు కాల్ బుక్ చేసి
పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా కదలకుండా కూర్చుంటే
ఇండోరు లైను దొరికేది,
బావి అడుగునుంచి వచ్చినట్టు ఒక హలో.
మూడు నిమిషాలు.
ఆరు దాటితే కోటిలింగం గారి కళ్ళలో కారం.

సరుకెలా ఉందని సేటు అడిగేవాడు కాదు.
ఎలా ఉన్నా బాగుందనే అంటామని ఆయనకి తెలుసు.
"బస్తా విప్పు" అనేవాడు.
విప్పి, గుప్పెడు కాయ విరిచి, ఫోను దగ్గర దులిపితే
ముందు ఈయన గొంతులో గరగర,
తర్వాత హమాలీకి,
తర్వాత తూర్పు గోడ దాకా వరసనే అందరికీ.
అవతల సేటు లెక్కపెట్టుకునేవాడు.
నాలుగు దగ్గులకో ధర. ఏడు దగ్గులకో ధర.
ఒకసారి దుర్గినుంచి వచ్చిన తేజ రకానికి
లైను వింటున్న ఆపరేటరమ్మ కూడా తుమ్మిందట.
అబద్ధమే.
కానీ ఆ ఏటి చిట్టాలో ఆ సరుకు ధర చూశాను,
నమ్మబుద్ధయింది.

ఇప్పుడు నా దగ్గర రెండు ఫోన్లు, పదిహేడు గ్రూపులు.
లారీ తాడు విప్పకముందే
కాయ ఇండోరు చేరుతుంది, ఢాకా చేరుతుంది.
ఎక్కడో ఎవరో బొటనవేలు పైకెత్తుతారు.
కొన్నట్టా? చూసినట్టా?
మొన్న ముప్పై టిక్కీల మీద ఇదే తగువు.
తువ్వాలు కింద అయిదు వేళ్ళతో
పైసా తేడా లేకుండా బేరం తెంపినాయన
ఆ పసుపుపచ్చ వేలిని కళ్ళజోడు పెట్టుకుని చూసి
"దీనికి చెయ్యేదమ్మా?" అన్నారు.

అన్నీ పోయాయని అనను.
ఇవాళ ధర నాకన్నా ముందు రైతుకి తెలుసు.
నేనో అంకె చెబితే ఆయన తన ఫోను తిప్పి చూపిస్తాడు.
వెనకటిలా నోటిమాటకి మోసపోయి
ఖాళీ జేబుతో బస్సెక్కడు. మంచిదే.
కానీ ముచ్చికలు తీసే రాహేలమ్మకి
"రేపు పదిమంది చాలు" అన్న కబురు
రాత్రి తొమ్మిదింటికి మనవరాలి ఫోన్లో పడుతుంది.
ఛార్జింగ్ లేని రాత్రి తెల్లారి వచ్చేస్తుంది,
గేటు దగ్గర చాప చుట్టుకుని నిలబడుతుంది,
షేరాటోకి ముప్పై వదిలించుకుని వెళ్ళిపోతుంది.
ఆ ముప్పై ఏ గ్రూపులోనూ కనపడదు.

శుక్రవారం సేటు మనవడితో వీడియో కాల్.
కొత్త ఫోను. కెమెరాలో కాయ
ఉన్నదానికన్నా ఎర్రగా ఉంది, నాకే సిగ్గేసింది.
మీరావలి గారు పట్టుబట్టి బస్తా విప్పించారు.
విరిచాను.
కొట్టంతా దగ్గింది. కాటా కుర్రాడు బయటికి పరిగెత్తాడు.
నా కళ్ళలోంచి నీళ్ళు, అయినా ఫోను వదల్లేదు.
అవతల అబ్బాయి ప్రశాంతంగా అన్నాడు,
"మీ దగ్గర భలే నిశ్శబ్దంగా ఉందండీ,
మా ఆఫీసులో ఒకటే గోల."

అనవసరమైన చప్పుళ్ళు అదే తీసేస్తుందట, ఫోను.

"ఏమన్నాడు?" అన్నారు మీరావలి గారు
తువ్వాలుతో ముక్కు తుడుచుకుంటూ.
చెప్పాను.
కాసేపు ఏమీ అనలేదు.
నల్ల ఫోను కింద చీటీలు సర్ది,
"రెండొందలు తగ్గించి ఒప్పేసుకో,
మధ్యాహ్నానికి ఎండ ఎక్కుద్ది" అన్నారు.

రాత్రి బ్రాడీపేటలో మెట్లెక్కుతుంటే
నా చున్నీ విసురు తగిలి
పక్కవాటా పిల్ల తుమ్మింది.
మళ్ళీ తుమ్మింది.
తలుపు తాళం తీస్తూ
అలవాటుకొద్దీ
మూడోదాని కోసం ఆగాను.